స్కాట్లండ్ యార్డ్ వారికి: చిక్కుడుతీగ కేసు తిరగదోడండి

లండన్ మెట్రోపాలిటన్ పోలీసు కమిషనర్ గారికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, మీ దేశపు జానపద కథలు చదివి మా పిల్లల్ని నిద్రపుచ్చుతున్నాం. వాళ్లు హాయిగానే పడుకుంటున్నారు. నిద్రపట్టనిది మాకే.

చిక్కుడుతీగ కథలోని ఆ జాక్ సంగతే చూడండి. ఆవునిచ్చి ఐదు చిక్కుడు గింజలు తెచ్చిన ఘనుడు. ఆ గింజలు మొలిచి ఆకాశానికి పాకిన తీగ పట్టుకుని పైకెక్కి ఆకలంటే, రాక్షసుడి పెళ్లాం జాలిపడి రొట్టె, జున్ను, పాలు పెట్టింది. మొగుడొచ్చే వేళకి పొయ్యిలో దాచింది. తిన్నింటికి ఇతగాడు చేసిందేమిటి? బంగారు నాణేల సంచీ, బంగారు గుడ్లు పెట్టే పెట్ట, పాటపాడే బంగారు వీణ వరసగా ఎత్తుకుపోయాడు. వీణయితే యజమానిని కేకేసి మరీ పిలిచింది. ఇంకేం సాక్ష్యం కావాలి? చివరికి తీగ నరికి ఆయన్నీ చంపాడు. గొడ్డలి అందించింది కన్నతల్లి. ఆవిడ ఏ-2 అని వేరే చెప్పాలా? ఆకాశం మా పరిధి కాదంటారేమో, శవం పడింది నేలమీదేనండీ.

పోయినాయన పిల్లల్ని కాల్చుకు తినేవాడన్నది నిజమే. ఆ కేసు వేరే పెట్టాల్సింది. 1807లో బెంజమిన్ టాబార్ట్ వేసిన పుస్తకంలో ఒక దేవత వచ్చి, జాక్ తండ్రిని చంపి దోచుకున్నది ఈ రాక్షసుడేనని చెబుతుంది. 1890లో జోసెఫ్ జేకబ్స్ తన సంకలనంలో ఆ దేవతను ఎత్తేశాడు. ఉన్న ఒక్క డిఫెన్స్ సాక్షీ పోయింది, ముద్దాయికి మాత్రం రాకుమారితో పెళ్లయింది!

జేకబ్స్ సంకలనంలోనే మూడు పందిపిల్లల కథలో మూడోది తోడేలును ఉడకబెట్టి రాత్రికి తినేసింది. తోబుట్టువులిద్దరూ ఆ తోడేలు కడుపులోకే పోయారని దానికి గుర్తుందో లేదో.

మీ శాఖవాళ్ల ఊసు నాకు కనబడింది మూడు ఎలుగుబంట్ల కథలోనే. 1837లో రాబర్ట్ సదీ ఆ కథ అచ్చువేసినప్పుడు ఎలుగుల ఇంట్లో జొరబడి జావ తాగింది ఒక ముసలావిడ. కిటికీలోంచి దూకాక కానిస్టేబుల్ పట్టుకుపోయాడేమో అంటాడాయన. 1850కల్లా మరొకరి పుస్తకంలో ఆ ముసలావిడ చిన్నపిల్ల అయింది, తర్వాత బంగారు జుట్టూ వచ్చింది. ఇప్పుడు కానిస్టేబుల్ జాడే లేదు. మొహం చూసి కేసు మూసే అలవాటు మా దగ్గరే ఉందనుకున్నాం.

కాబట్టి తమరు దయతలచి చిక్కుడుతీగ కేసు తిరగదోడవలసిందిగా ప్రార్థన. ఈలోగా ఆ పెట్టనైనా రాక్షసుడి భార్యకు ఇప్పించండి. ఇన్నాళ్లూ పెట్టిన గుడ్లకు లెక్క కూడా చెప్పించండి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఇద్దరు పిల్లల తండ్రి