పాత ఇంట్లోకి ముందు దిగండి, బాగుచేత తర్వాత

ఢిల్లీ, గురుగ్రామ్, పుణె వైపు ఏళ్ల తరబడి ఉద్యోగాలు చేసి, తాతల నాటి మండువా లోగిలిలో ఉందామని కోనసీమకి తిరిగొచ్చే కుటుంబాలు ఉన్నాయి. ఇంటి నుంచే పని చేసుకునే వీలున్నవాళ్లు చిన్నపిల్లల్ని వెంటబెట్టుకుని మరీ వస్తున్నారు. వాళ్లకి ఊళ్లో అందరూ చెప్పే సలహా ఒకటే: ఇల్లంతా బాగుచేయించి, రంగులేయించి, అప్పుడు దిగండి. నేను చెప్పేది దీనికి పూర్తిగా ఎదురు. ముందు దిగండి. వానాకాలం, తుపాన్ల రోజులు, ఎండాకాలం అన్నీ ఆ ఇంట్లో గడిపాక మేస్త్రీని పిలవండి. మా బంధువుల్లో ఈ మాట మెచ్చినవాళ్లు లేరు. అయినా నేను దీని మీదే నిలబడతాను.

ఆగకూడనివి రెండున్నాయి. మొదటిది కరెంటు. చెక్క పట్టీల మీద లాగిన పాత వైర్లు, పింగాణీ ఫ్యూజులు, ఎర్తింగు లేని ప్లగ్గులు రెండు ఫ్యాన్లకీ నాలుగు బల్బులకీ సరిపోయిన రోజుల నాటివి. ఇప్పుడు అదే లైనుకి గీజరు, ఏసీ, మైక్రోవేవ్ తగిలిస్తే వైరు కాలుతుంది. సామాను లారీ రాకముందే కొత్త వైర్లు లాగించండి, ఎర్తింగు వేయించండి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టించండి. తడి చేత్తో స్విచ్చు ముట్టుకునే పిల్లలున్న ఇంట్లో ఇందులో బేరం లేదు. రెండోది కప్పు. దాని గురించి తర్వాత చెబుతాను.

మిగతావన్నీ ఆగుతాయి. ముఖ్యంగా గోడలు.

పాత గోడ చూడగానే భయం వేస్తుంది. అడుగున రెండు మూడడుగుల మేర పెచ్చులూడి, తెల్లగా ఉప్పు పొర తేలి ఉంటుంది. చూసినవాళ్లంతా సిమెంటు పూత పూయించమంటారు. పూయించకండి. ఆ గోడ ఇటుకతోనూ గానుగ సున్నంతోనూ కట్టినది. నేలలోని చెమ్మ ఇటుకల గుండా పైకి పాకుతుంది, సున్నం పూత గుండా మెల్లగా బయటికి ఆరిపోతుంది. సిమెంటుతో మూసేస్తే ఆ చెమ్మ ఎక్కడికీ పోదు, ఇంకా పైకెక్కి పూతకి అందని చోట బయటపడుతుంది. అడుగున ఉన్న మచ్చ కిటికీ దాకా వస్తుంది. దాని మీద ఖరీదైన ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే బొబ్బలెక్కి ఊడిపోతుంది. సున్నం పనిలో తలపండిన ఒక మేస్త్రీ మా వసారాలో నిలబడి అన్నాడు: "ఆయ్, సున్నం గోడకి సున్నమే ఎయ్యాలండి. సిమెంటు ఎట్టేరంటే లోపల్లోపలే కుళ్లిపోద్దండి బాబుగారూ." ఇంజనీరు చెప్పినా ఇంతకంటే సరిగ్గా చెప్పలేడు.

అందుకని మొదటి ఏడాది గోడకి చేయవలసిన పని ఒక్కటే. ఒక పెన్సిలు తీసుకోండి. తడి ఎంత ఎత్తుకి వచ్చిందో గోడ మీదే సన్నగా గీత గీసి, పక్కన తేదీ రాయండి. ఆషాఢంలో ఒక గీత, కార్తీకంలో ఒకటి, ఎండలు ముదిరాక ఒకటి. కాలవ గట్టు దగ్గర ఇల్లయితే ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ ఈ సీమ నేలలో చెమ్మ వానలతో పాటు కాలవల్ని బట్టి కూడా నడుస్తోంది. వేసవిలో కాలవలు కట్టేస్తారు, ఖరీఫ్‌కి వదులుతారు. వాన పడకుండానే గీత పైకి జరిగిందంటే అది కాలవ నీరు. వాన పడిన మర్నాడే జరిగిందంటే చూరు నీళ్లు గోడ మొదట్లో పడుతున్నాయి. ఎప్పుడూ ఒకే చోట తడి ఉంటే పాత కుళాయి గొట్టం కారుతోంది. ఈ మూడింటికీ మందులు వేరు. ఈ గీతలు లేకపోతే వచ్చిన మేస్త్రీ మూడింటికీ సిమెంటే పూస్తాడు.

తలుపుల రంగు కూడా ముట్టుకోకండి. టేకు తలుపు మీద తరతరాల ఎనామిల్ పేరుకుని ఉంటుంది. కింద చెక్క మెరుస్తుందని తెలిసి ఎవరికైనా మనసు లాగుతుంది. కానీ ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల భాగాలకి 90 భాగాలు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2016లో చేస్తే, 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన పొరల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. కరెంటు మిషనుతో పొడిగా గీకిస్తే ఆ దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది, నేల మీద పాకే పిల్లల చేతుల నుంచి నోటికి పోతుంది. పొర ఊడకుండా ఉన్నంత కాలం ఉండనివ్వండి. గీకించే రోజు వచ్చినప్పుడు తడిపి గీకించండి, ఆ వారం పిల్లల్ని అమ్మమ్మగారింటికి పంపించండి.

సామాను సంగతి. ఢిల్లీ నుంచి దాదాపు రెండు వేల కిలోమీటర్లు మోయించి తెచ్చుకున్నవి కదా అని అన్నీ విప్పేయకండి. రోజూ చేతికి కావలసినవి తీసుకుని, మిగతా పెట్టెలు అలాగే ఉంచండి. ఉత్తరాది సామానులో సగానికి ఇక్కడ పనుండదు. ఢిల్లీ ఎండ పొడి ఎండ కాబట్టి అక్కడ కూలరు చల్లదనమిస్తుంది. కోనసీమ గాలిలో ముందే తేమ నిండి ఉంటుంది, నీరు సరిగా ఆవిరి కాదు, కూలరు ఇంటిని ఉక్కపోయించడం తప్ప ఏమీ చేయదు. దాన్ని అక్కడే అమ్మేసి రండి. రజాయిలు ఒక్క వానాకాలంలో బూజు వాసన పడతాయి. ప్లైవుడ్ పెట్టె మంచాన్ని గోడకి ఆనించి వేస్తే అడుగు చెక్క ఉబ్బుతుంది, వెనకాల చెదలు మట్టి దారి కట్టుకుంటాయి. జానెడు ఎడం ఉంచితే ఆ దారి కంటికి కనబడుతుంది. మా అత్తగారు ఏ వస్తువైనా గోడకి తగలకుండానే పెట్టించేవారు. పాత ఇళ్లలో పుట్టి పెరిగినవాళ్ల అలవాటు అది.

కారు మాత్రం ఇంటిలా ఏడాది దాటి ఆగదు. వేరే రాష్ట్రం నంబరు బండి ఇక్కడ 12 నెలలకి మించి ఉంటే కొత్త నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. బయల్దేరే ముందే అక్కడి ఆర్టీవో ఆఫీసులో ఎన్ఓసీ తీసుకోండి. కదిలాక తెచ్చుకోవడం కష్టం.

దిగిన వారంలోనే ఎవరో ఒకరు వాస్తు మాట ఎత్తుతారు. ఈ గుమ్మం అటు జరపాలని, ఈశాన్యం తెరవాలని అంటారు. పెద్దవాళ్ల మీద గౌరవంతో వినండి, గోడ మీద గునపం మాత్రం వేయనివ్వకండి. ఈ ఇళ్లలో కాంక్రీటు స్తంభాల చట్రం ఉండదు. దూలం బరువు తిన్నగా గోడ మీదకే దిగుతుంది. దూలం కింద గుమ్మం కొట్టిస్తే కప్పు కుంగుతుంది. గది ఇరుకుగా ఉందని, డబుల్ డోర్ ఫ్రిజ్ పట్టదని అదే పని చేసేవాళ్లకీ ఇదే మాట. ఫ్రిజ్ మార్చుకోండి.

నుయ్యి పూడ్చకండి. ఆవరణ కలిసొస్తుందని, పిల్లలు పడతారని పూడ్చి బోరు వేయించమంటారు. పిల్లల కోసం ఇనుప వల బిగించండి, చాలు. సముద్రం దగ్గరి ఈ నేలలో పైన మంచినీళ్లు, లోతుకి వెళ్లేకొద్దీ ఉప్పునీళ్లు తగిలే చోట్లు చాలా ఉన్నాయి. పై నీళ్లని అందుకునే నూతిని చేజేతులా మూసి, లోతు బోరుతో ఉప్పు తోడుకోవడం తెలివైన పని కాదు. పూడిక తీయించండి, బ్లీచింగు వేయించండి, నీళ్లు పరీక్షకి పంపండి.

ఢిల్లీలో పెరిగిన పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. వెంటనే ట్యూషన్ పెట్టించాలని అందరికీ తొందర. నేనైతే కొన్నాళ్లు వద్దంటాను. సాయంత్రాలు బస్టాండుకి తీసుకెళ్లండి. అమలాపురం, రావులపాలెం, రాజోలు, ముక్తేశ్వరం... బోర్డు చదవలేకపోతే ఏ బస్సెక్కాలో తెలియదు. అవసరం పడి నేర్చుకున్న అక్షరం నిలుస్తుంది. బళ్లో పాఠం దాని మీద కూర్చుంటుంది.

ఇక కప్పు. 1996 నవంబరు తుపానులో కోనసీమలో కొబ్బరి చెట్లతో పాటు ఎన్నో ఇళ్ల పెంకులు లేచిపోయాయి. ఆ తర్వాత ఏ వైపు కొత్తవి వేయించారో ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. పాతవీ కొత్తవీ కలిసే చోటే కారడం మొదలవుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో అటకెక్కి, దీపం ఆర్పి, చీకట్లో కాసేపు కూర్చోండి. పగిలిన పెంకు ఉన్నచోట వెలుగు సూదిమొనలా దిగుతుంది. ఆ వెలుగు పక్కన వాసానికి సుద్దతో గుర్తు పెట్టండి. రోహిణి కార్తెలో మనిషిని పిలిచి ఆ గుర్తుల దగ్గర పెంకులు మార్పించండి, మృగశిర చినుకులు పడకముందే అయిపోవాలి. కప్పు మొత్తం విప్పి రేకులు వేయించమనే సలహా చవకైనదే. కానీ మధ్యాహ్నం ఆ రేకుల కింద ఉండలేరు.

ఇంటి నడుమ ఆకాశానికి తెరిచి ఉండే మండువాని మూసే పని అసలే పెట్టుకోకండి. వాన పడుతోందని, దోమలు వస్తున్నాయని పైన ప్లాస్టిక్ రేకు వేయిస్తారు. ఇంట్లో వేడి పైకెక్కి బయటికి పోయే దారి అదొక్కటే. అది మూశాక ఏసీలు పెరుగుతాయి, కరెంటు బిల్లు పెరుగుతుంది. దోమలకి కావాలంటే వల కట్టించండి. వాన నీళ్లకి మండువా మూలన తూము ఉంది, వీధి కాలవలోకి పోతుంది. ఇల్లు ఖాళీగా ఉన్నన్నాళ్లూ దాంట్లో ఆకులూ మట్టీ పేరుకుని ఉంటాయి. సామాను దించే రోజునే ఒక బిందె నీళ్లు పోసి చూడండి. నీళ్లు నిలిస్తే ఆ సాయంత్రమే తూము తీయించండి.