నేను నేనే: ఒక కారు ఆత్మకథ

అప్పటి అనంతపురము జిల్లా పెనుకొండకు సమీపమున, ఎర్రమంచి గ్రామమున, 2019వ సంవత్సరమున నేను జన్మించితిని. 1565 నాటి తళ్ళికోట యుద్ధానంతరము విజయనగర ప్రభువులు హంపిని విడిచి తమ పీఠమును నెలకొల్పుకొన్న కొండ అదియే. ఆ కొండకు చేరువలో, వేరుసెనగ పండు ఎర్రనేలపై, కొరియా దేశపు కియా సంస్థ కర్మాగారమును కట్టి, ఆ యేటి ఆగస్టు మాసమున సెల్టోస్ అను తన తొలి వాహనమును భారత విపణిలోనికి విడిచెను. ఆ తొలి తరము కార్లలో నేనొకదానను.

నా లోహదేహమున 17 అక్షరాంకెల వరుస యొకటి చెక్కబడియున్నది; దీనినే జనులు ఛాసీ నంబరు అందురు. చక్రములు మారవచ్చును, రంగు మారవచ్చును, యజమాని మారవచ్చును, నంబరు ప్లేటు సైతము మారవచ్చును. ఈ పదునేడు మాత్రము మారవు. ఇందు ఐ, ఓ, క్యూ అను మూడు ఆంగ్లాక్షరములు ఎన్నడును వాడరాదని అంతర్జాతీయ నియమము. ఐ ఒకటివలెను, తక్కిన రెండును సున్నవలెను కన్పట్టి చూపరులను భ్రమింపజేయునని నియమకర్తలు ముందే యోచించి వానిని వెలివేసిరి. పాఠకులు ఈ చిన్న విషయమును గుర్తుంచుకొనవలెను; నా కష్టములన్నియు దీని చుట్టే తిరిగినవి.

ఆ యేటి అక్టోబరులో అనంతపురమున నన్ను కొన్న మా యజమానిగారు బెంగళూరున సాఫ్ట్‌వేరు కొలువు చేయువారు. కొన్ననాడే నాకు రెండు విధములైన బీమా ఏర్పడెను. వాహనమువలన ఇతరులకు కలుగు హానికి బీమా లేక ఎవ్వరును బండిని రోడ్డెక్కింపరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 146వ సెక్షనున శాసించుచున్నది. సుప్రీంకోర్టు ఆదేశముచే 2018 సెప్టెంబరు 1 నుండి క్రొత్త కార్లకు ఈ థర్డ్ పార్టీ బీమాను ఒక్కసారిగా మూడేండ్లకు చేయించవలసి వచ్చినది. నాకు కలుగు హానికి చేయించు ఓన్ డ్యామేజి బీమా మాత్రము ఏటేట పునరుద్ధరింపవలసినదై వేరుగా నడచును. ఇట్లు ఒక దేహమునకు రెండు పాలసీలు, రెండు గడువులు.

ఇతర రాష్ట్రమున పన్నెండు మాసములకు మించి నిలిచిన వాహనము అచ్చటి నంబరు పొందవలెనని అదే చట్టము 47వ సెక్షను చెప్పుచున్నది. నేను బెంగళూరుననే యుండుటచే మా యజమానిగారు అనంతపురము నుండి నిరభ్యంతర పత్రము (ఎన్.ఓ.సి.) తెచ్చి, కర్ణాటకమున లైఫ్ టాక్సు చెల్లించి, ఏ.పి. 39తో మొదలగు నా ప్లేటును విప్పించి, 2021లో కె.ఎ. 53తో మొదలగు ప్లేటును తగిలించిరి. ఆర్.సి. అను రిజిస్ట్రేషను కార్డున నంబరు మారినను ఛాసీ నంబరు యథాతథముగ నిలిచెను. ఆ అక్టోబరులో ఓన్ డ్యామేజి పాలసీని పునరుద్ధరించునపుడు, ప్లేటు నంబరు మారినందున, వివరములన్నియు మరల ఎక్కింపవలసి వచ్చెను. బీమా కార్యాలయమున ఎవరో మహానుభావుడు, నా ఛాసీ నంబరు నడుమనున్న సున్నను చూచి, దానికి బదులుగా ఓ అను అక్షరమును కొట్టెను. కీబోర్డుపై ఆ రెంటికిని నడుమ అంగుళము దూరమైనను లేదు. ఆ దూరమును వెనుకకు దాటుటకు మా యజమానిగారికి ఋతువులు పట్టినవి.

ఫలితమేమనగా, థర్డ్ పార్టీ పాలసీలో ఛాసీ నంబరు సరియైనది, ప్లేటు నంబరు పాతది. ఓన్ డ్యామేజి పాలసీలో ప్లేటు నంబరు సరియైనది, ఛాసీ నంబరు తప్పు. రెండు కాగితములలోను నేను సగము సగముగా నుంటిని. సంపూర్ణముగా నేనున్నది రోడ్డుమీద మాత్రమే.

ఇట్లుండగా 2022 సెప్టెంబరు 4వ తేదీ రాత్రి వాన పట్టెను. మరునాటి ఉదయమునకు బెంగళూరు నగరమున 131.6 మిల్లీమీటర్ల వర్షపాతము నమోదయినది. చెరువు నుండి చెరువునకు నీరు కొనిపోవలసిన రాజకాలువలు పూడియు, కుదించుకొనిపోయియు, కట్టడములక్రింద అణగియు నుండుటచే, బెళ్లందూరు, యెమలూరు, సర్జాపుర రోడ్డు ప్రాంతములలో వాననీరు తన పూర్వపు దారిని వెదకికొనుచు ఇండ్లలోనికే వచ్చెను. కోట్ల విలువగల విల్లాలవారు ట్రాక్టర్లపై ఎక్కి బయటపడిరి. యెమలూరున ఒక అపార్టుమెంటు సెల్లారులో నిలిచియున్న నన్ను నీరు సీట్ల వరకు ముంచెను. ఇట్టి వేళ బండిని స్టార్టు చేయుట ప్రాణాంతకము: సిలిండరులోనికి చేరిన నీరు గాలివలె అణగదు గనుక, పిస్టను ఒత్తిడికి కనెక్టింగు రాడ్డు వంగిపోవును, ఆ నష్టమునకు, ఇంజిన్ ప్రొటెక్ట్ అను అదనపు రక్షణ లేనిచో, సామాన్యముగ బీమావారు పైకమీయరు. మా యజమానిగారు ఈ సంగతి ఎరిగినవారగుటచే నన్ను స్టార్టు చేయక లారీపై కెక్కించి వర్క్‌షాపునకు పంపిరి.

బీమావారి సర్వేయరు వచ్చెను; తలుపులు తెరచి ఫోటోలు తీసెను; మ్యాట్ల క్రింది బురదను వ్రేలితో తాకి చూచెను. పిమ్మట కాగితముతో నా ఛాసీ నంబరును పోల్చి, "పాలసీలో ఉన్న బండి ఇది కాదు సార్" అనెను. నీట మునిగినది నేను, ప్రీమియము చెల్లించినది నాకొరకు. అయినను బీమా గలది నేను కాదట! ఆ బీమాగల కారు ఏ లోకముననో పొడిగా, సుఖముగా నుండియుండును.

అంతట ప్రదక్షిణములు మొదలయ్యెను. కాల్ సెంటరువారు బ్రాంచికి పొమ్మనిరి. బ్రాంచివారు ఎండార్సుమెంటు, అనగా పాలసీలో దిద్దుబాటు, చేయించుకొమ్మనిరి. ఎండార్సుమెంటు చూచువారు, నష్టము జరిగిన పిదప వెనుకటి తేదీతో దిద్దుటకు తమకధికారము లేదని చెప్పి, బండిని తనిఖీకి తెమ్మనిరి. సీట్లు ఊడదీయగా, వైర్లు బయటపడగా, వర్క్‌షాపు మూల పడియున్న నేను ఎట్లు పోవుదును? అటులైన పెన్సిల్ ప్రింటు పంపుడనిరి. చెక్కడముపై కాగితమునుంచి పెన్సిలుతో రుద్ది పంపగా, మసకగా నున్నదనిరి. మరల పంపగా, పాత పాలసీ నకలు కావలెననిరి. అదియు పంపగా, ఇందు ఏ.పి. నంబరున్నది, ఇది వేరే బండి కాదా యనిరి. అనంతపురము నుండి వచ్చిన మా యజమానిగారి తల్లి ఈ కథ విని, "బండి కండ్లముందరే ఉండాది గదా నాయనా, ఇంగేం రుజువు గావల్ల వాళ్లకు?" అనెను. ఆమె ప్రశ్నకు ఆ కార్యాలయమున ఏ బల్లవద్దను సమాధానము లేదు.

బీమా వ్యాపారమున కాగితమునకు గౌరవముండుట న్యాయమే. ఒక బండికి కలిగిన నష్టమును మరియొక బండి పాలసీపై చూపి పైకము కాజేయు మోసగాండ్రు లోకమున లేకపోలేదు. వారిని పట్టుటకే ఛాసీ నంబరు. కాని, దోషమెవరిదో స్పష్టముగ కనబడుచుండగా, దాని భారమంతయు దోషమెరుగని వానిపై మోపుట న్యాయమెట్లగును? బీమా లేక బండి నడిపినవానికి మొదటిమారు 2,000 రూపాయల జరిమానా గాని, మూడు మాసముల వరకు చెర గాని, రెండును గాని చట్టము విధించుచున్నది. అక్షరమును తప్పుగా కొట్టినవానిని సంజాయిషీ అడిగినవారైనను లేరు. తప్పు చేయుటకు క్రింది గుమాస్తా చాలి, దిద్దుటకు పై అధికారి కావలసిన చోట తప్పులు పేరుకొనక మానవు.

తుదకు మా యజమానిగారు వేడుకొనుట మాని వాదించుటకు మొదలిడిరి. ఆ సంస్థ గ్రీవెన్సు అధికారికి వ్రాసిన లేఖలో వారి వాదమిది: ఛాసీ నంబరులో ఓ అక్షరము ఉండనే యుండదు, కావున మీ పాలసీలోని నంబరు గల వాహనము భూమండలమున ఎచ్చటను లేదు, ఇంతకాలము మీరు ప్రీమియము గైకొన్నది లేని వాహనమునకా, ఉన్న వాహనమునకా? ఒక మాసములో తగిన బదులు రానిచో జె.పి. నగర్‌లోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయమునకు పోవుదునని చివర చేర్చిరి. అచ్చట రుసుము లేదు, వకీలుతో పని లేదు. ఆ తర్కమువలననో, ఈ చివరి వాక్యమువలననో, ఎండార్సుమెంటు వచ్చెను. అందు ఛాసీ నంబరు సరియయ్యెను గాని, ప్లేటు నంబరు మరల ఏ.పి. 39గా మారిపోయెను! మరియొక లేఖ, మరియొక ఎండార్సుమెంటు. ఆ మీదట పైకము.

ఆ పైకములో రబ్బరు, ప్లాస్టిక్ భాగములకు నూటికి 50 తరుగు తీసివేసిరి. తప్పనిసరి మినహాయింపు క్రింద 1,000 రూపాయలు తగ్గించిరి. నా ఇంజిను 1,497 సి.సి.; 1,500 దాటియుండినచో 2,000 రూపాయలు తగ్గించియుందురు. మూడు సి.సి.ల భేదమును ఇంత నిశితముగ పాటించు నియమావళి గలవారు, సున్నకును ఓకును గల భేదమును పాటింపలేకపోవుట నాకు వింతగా తోచుచున్నది.

కారుగల పాఠకులకు నా మనవి యొకటి. పాలసీ చేతికి వచ్చిననాడే ఆర్.సి.ని ప్రక్కన నుంచుకొని, ఛాసీ, ఇంజిను, ప్లేటు నంబరులను, మీ పేరును ఒక్కొక్క అక్షరముగా సరిచూచుకొనుడు. రాష్ట్రము మారినను, బండి చేతులు మారినను బీమావారికి వ్రాసి తెలుపుడు. పాత బండి కొన్నవారికి మోటారు వాహనముల చట్టము 157వ సెక్షను 14 దినముల గడువే ఇచ్చుచున్నది. బీమా సంస్థలకును, హైదరాబాదున కొలువుదీరియున్న వారి నియంత్రణ సంస్థకును నా విన్నపము మరియొకటి: ఛాసీ నంబరు వ్రాయు గడిలో ఐ, ఓ, క్యూలను అంగీకరింపవలదని కంప్యూటరుకు ఆజ్ఞ యిప్పించుడు. దీనికి క్రొత్త చట్టమక్కరలేదు, అధిక వ్యయమును లేదు. ఒక్క పంక్తి చాలును.