సేనాపతి వెల

మహాభారతమున ఉద్యోగపర్వమందు రథాతిరథసంఖ్యాన మను ఘట్ట మొకటి గలదు. కౌరవసేనలో ఎవ్వ డెంతటివాడో చెప్పుమని దుర్యోధను డడుగగా, భీష్ముడు వీడు రథుడు, వా డతిరథుడు అని వరుసగా తూచుచు పోయి, కర్ణునికడకు వచ్చునప్పటికి అతనిని అర్ధరథుడని తేల్చివేసెను. కర్ణుడు మండిపడి, ఈ ముసలివాడు పడువరకు విల్లు ముట్టనని కూర్చుండెను. సేనాపతులకు అంకెలు వేయు విద్యకు మూలపురుషు డెవ్వడని నన్నెవరైన నడిగినచో భీష్ముని పేరును, ఆ యంకెలను చూచి యలుగు విద్యకు కర్ణుని పేరును చెప్పుదును.

ఈ రెండు విద్యలును నేడు నిండుగా వర్ధిల్లుచున్నది వార్‌హామర్ 40,000 అను బల్లమీది యుద్ధక్రీడయందు. ఇంగ్లండులోని గేమ్స్ వర్క్‌షాప్ వారు 1987లో దీనిని వెలువరించిరి. వ్రేలెడు ప్లాస్టిక్ యోధులను కొని, జిగురుతో అతికించి, సన్నని కుంచెతో కనుబొమలతోసహా రంగులు దిద్ది, అంగుళముల టేపుతో కొలిచి నడుపుచు, పాచికలు వేసి చంపుకొనుట దీని స్వరూపము. ప్రతి యోధునికిని పాయింట్లలో వెల యుండును. సాధారణముగా ఒక్కొక్క పక్షము రెండువేల పాయింట్లలోపల సైన్యమును సమకూర్చుకొనవలెను గనుక, ఒక మహావీరుని కొనుట యనగా అనేకులగు సామాన్యులను వదలుకొనుటయే.

మా తమ్ముని కుమారుడు ఆరాధించు మహావీరుడు రోబూట్ గిల్లిమాన్. ఈయన నీలికవచముల అల్ట్రామెరీన్లకు మూలపురుషుడు. సైన్యము లెట్లుండవలెనో శాసించు కోడెక్స్ ఆస్టార్టీస్ అను ధర్మశాస్త్రమునకు కర్త. సోదరుడగు ఫుల్‌గ్రిమ్ విషఖడ్గముతో కంఠమున గాయపరుపగా, కాలము స్తంభించిన చోట పదివేల యేండ్లు కదలక కూర్చుండి, లేచివచ్చినవాడు. (కథలో ఆయన మేల్కొనుటకును, 2017లో ఆయన బొమ్మ అంగడికి వచ్చుటకును ఒకే ముహూర్తము కుదురుట వర్తకశాస్త్రమున శుభయోగము.)

అట్టివాడు మండు ఖడ్గముతో నిలిచియుండగా, శత్రువులపై విరుచుకొనిపడునని ఎవ్వరైనను తలతురు. కాని ఆ యేట వెలువడిన ఎనిమిదవ కూర్పు నిబంధనలను శ్రద్ధగా చదివినవారికి గోచరించినదేమనగా, ఆయన విలువ ఖడ్గమునందు గాక, ఆయన చుట్టునున్న ఆరంగుళముల నేలయందున్నదని. ఆ మేరలోని అల్ట్రామెరీన్లకు గురి తప్పిన పాచికను మరల వేయుటకు వీలుండెను. గురి తగిలియు గాయము కానిచో, దానినిగూడ మరల వేయుటకు వీలుండెను. తగులుటకు మూడో అంతకు మించియో, గాయమగుటకును అట్లే పడవలసిన తుపాకితో 81 గుండ్లు కాల్చినచో సగటున 36 గాయములగును. ఈయన ప్రక్కన నిలిచి కాల్చినచో 64 అగును. ఇంకేమున్నది! ఆటగాండ్రు రేజర్‌బ్యాక్ శకటములకు జంట ఫిరంగులు బిగించి ఈయన చుట్టును సందు లేకుండ నిలుపసాగిరి. చూచినవారు దానిని పార్కింగ్ లాట్ అని ఎగతాళి చేసిరి. గట్టుపై ఆసామి గొడుగు వేసికొని నిలుచుండిన చాలును, చేనిలో కొడవళ్లు వేగముగా నాడును. ఆయనయే దిగి కోయబూనినచో పని చెడును.

ఇంకొక చమత్కారము. పది గాయములకంటె తక్కువ ఓర్చు నాయకుని, అతడే అందరికంటె దగ్గరనున్నవాడైననే తప్ప, తుపాకితో గురిచూడరాదను నియమ మొకటి యుండెను. ఈయన ఓర్చు గాయములు సరిగా తొమ్మిది! ధర్మశాస్త్రకర్తకు లొసుగు లెచ్చటనున్నవో ఒకరు చెప్పవలెనా? తొలుత 360గా నుండిన వెలను 385కును, పిమ్మట 400కును పెంచిరి. నా మతమున ఇది వెల పెంచి తీరు వ్యాధి కాదు. రెండు శకటముల నడుమ నిలిచిన గిల్లిమాన్‌కు 300 ఇచ్చుటయు దండుగ. ఆరింటి నడుమ నిలిచిన గిల్లిమాన్ 400కు కారుచౌక. ఇరుగుపొరుగును విడిచి అతనికి వెలకట్టుట ఎట్లు?

ఒక ఆదివారము నేనును మావాడును ఆడుచుండగా మా గృహిణి కాఫీ తెచ్చి బల్లకడ నిలిచినది. “ఏరా, ఈయన పొద్దుటినుంచీ కదలనే లేదు. చేతిలో ఆ కత్తి ఎందుకూ?”

“ఆయన ఊరికే ఉంటే చాలు పెద్దమ్మా, మిగతావాళ్లకి గురి కుదురుతుంది.”

“అలాగా! అయితే మీ పెదనాన్న విలువ ఇన్నాళ్లూ నాకు తెలియలేదు సుమా.”

నేను విననట్లు నటించి శకటములపై కాల్పులు సాగించితిని. ఈ మహావీరుని జయించు మార్గ మదియొక్కటే: ఆయనను విడిచి ఆయన పరివారమును హరింపవలెను. సాయంత్రమునకు పరివారము హరించెను, దగ్గరివాడు ఆయనయే యయ్యెను, పడెను. పడినను ఆయన కవచమహిమచే, పాచిక నాలుగో అంతకు మించియో పడినచో మరల లేచును. మావాడు కన్నులు మూసికొని విసరిన పాచిక బల్ల దాటి బీరువాక్రిందికి దొర్లెను.

“నాలుగే పడింది పెదనాన్నా, కనిపిస్తోంది!” అని వాడు నేలపై బోరగిలపడి కేకవేసెను. బల్ల దాటిన పాచిక చెల్లదని నేనంటిని. ఆ మాట ఆటకు ముందే చెప్పవలసినదని వాడనెను. వాదము హెచ్చుచుండగా గృహిణి వచ్చి, చీపురుతో పాచికను బయటి కీడ్చినది. అది దొర్లి ఆరుపై నిలిచెను. మరల వేయు అధికారము ఆమె కెవ్వరిచ్చిరని అడుగ నాకు ధైర్యము చాలలేదు, గిల్లిమాన్ లేచెను.