నాంపల్లి యంత్రం: టీకా తాత్పర్య సహితం

నాల్గు రంగు లున్న నాంపల్లి యంత్రంబు
తెల్ల కాగితమునఁ దేల్చు బొమ్మ
వాడకున్న నెండు వారాల లోపునఁ
గొనుము పనిని జూచి గొప్పఁ గాదు

టీక: నాల్గు రంగులు ఉన్న = సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు సిరాలు గల; నాంపల్లి యంత్రంబు = నాంపల్లి కోర్టుల చుట్టుపక్కల, ఇంటర్ బోర్డు ఎదుటా, పబ్లిక్ సర్వీస్ కమిషన్ దరిదాపుల్లోనూ ఉన్న జిరాక్స్ షాపుల్లో పొద్దస్తమానం నడిచే ఇంకుట్యాంకు ఆల్‌ఇన్‌వన్ ప్రింటరు; తెల్ల కాగితమునన్ = సాదా ఏ4 కాగితం మీద (ఫోటో కాగితం మీద అని కవి అనలేదు, గమనించాలి); బొమ్మన్ తేల్చున్ = బొమ్మను పైకి తెచ్చును; వాడకున్నన్ = వారానికి ఒకసారైనా ముట్టుకోకపోతే; వారాల లోపునన్ = కొద్ది వారాల్లోనే; ఎండున్ = గొంతు మూసుకుపోవును; పనిని జూచి కొనుము = నీ ఇంటి అవసరం లెక్కగట్టి కొనుక్కో; గొప్పన్ కాదు = అట్టపెట్టె మీది గొప్పలు చదివి కాదు.

తాత్పర్యం: జిరాక్స్ షాపులో చక్కగా పనిచేస్తున్న ప్రింటరు ఇంట్లోనూ అలాగే పనిచేస్తుందనీ, పెళ్ళి ఫోటోల దగ్గర్నుంచి పిల్లల పుట్టినరోజు ఫోటోల దాకా దానితోనే తీసుకోవచ్చనీ ఆశపడి కొనేవారికి ఇది హెచ్చరిక.

విశేషం. ఈ పద్యానికి ఆయువుపట్టు మూడో పాదం. ఇంక్‌జెట్ యంత్రాల్లో రెండు మతాలున్నాయి. ఒకటి సిరాను క్షణకాలం వేడిచేసి బుడగ పుట్టించి చుక్కను బయటికి తోస్తుంది. కెనాన్, హెచ్‌పీ ఈ సంప్రదాయం వారు. రెండోది కరెంటు తగలగానే వంగే స్ఫటికంతో చుక్కను నొక్కి పంపుతుంది. ఎప్సన్ వారిది ఇది. మతాలు వేరైనా రంధ్రాలు రెంటిలోనూ వెంట్రుక కన్నా సన్నమే, వాటి కొసన సిరా గాలికి ఎండటం రెంటికీ సమానమే. కోర్టు పక్క షాపులో ఆ రంధ్రాలకు ఎండే తీరిక ఉండదు. వకాలత్‌నామా, చలానా, ఆధార్ నకలు, హాల్‌టికెట్ ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటాయి. ఇంట్లో అదే యంత్రం దసరాకి ఒకసారి, సంక్రాంతికి ఒకసారి నిద్రలేస్తుంది. లేచినప్పుడు ఫోటోలో ముఖాల మీద అడ్డగీతలు. వెంటనే హెడ్ క్లీనింగ్ నొక్కుతాం. ఆ శుద్ధికి పోయే సిరా కాగితం మీదికి రాదు, యంత్రం అడుగున ఉన్న వేస్ట్ ఇంకు ప్యాడ్‌లోకి ఇంకిపోతుంది. ఆ ప్యాడ్ నిండిందని లెక్క తేలితే చాలా యంత్రాలు దాన్ని మార్చేదాకా అచ్చువేయవు. కాబట్టి ఎక్కువ వాడితే ఖర్చవుతుందన్న మన ఇంగితం ఇక్కడ తలకిందులు: తక్కువ వాడినవాడికే ఒక్కో ఫోటో ఖరీదు.

ఇక నాలుగో పాదంలోని గొప్పల సంగతి. పెట్టె మీద మొదటి గొప్ప, ఒక సెట్టు సీసాలకు ఇన్ని వేల పేజీలు అన్నది. అబద్ధం కాదు. కానీ ఆ లెక్క ఐఎస్ఓ 24712 అనే ప్రమాణంలోని నమూనా పేజీలతో కట్టినది. అవి ఆఫీసు కాగితాల వంటివి, తెలుపు భాగమే ఎక్కువ. ఫోటోలో తెలుపెక్కడ? అంచు నుంచి అంచు దాకా సిరాయే. అందుకే ఫోటోలకు 29102 అని వేరే కొలత పద్ధతి పెట్టారు, ఆ అంకె పెట్టె ముందువైపు కనిపించడం అరుదు. రెండో గొప్ప, అంగుళానికి వేల చుక్కలు. 4×6 అంగుళాల ఫోటోకు అంగుళానికి 300 పిక్సెళ్ళు చాలు, అంటే 1200×1800, మొత్తం ఇరవై రెండు లక్షలైనా కావు. ఈ కాలపు చవక ఫోనైనా అంతకు మించే ఇస్తుంది. తక్కువైనది చుక్కలు కాదు, రంగులు. బుగ్గ మీది లేత ఛాయ, సాయంకాలపు ఆకాశం నాలుగు సిరాలతో రావాలంటే చుక్కలను దూరదూరంగా చల్లాలి, అప్పుడు ఇసుక పోసినట్టు గరుకు కనిపిస్తుంది. లేత సయాన్, లేత మెజెంటా కలిపిన ఆరు రంగుల యంత్రాలు పుట్టింది ఇందుకే. పైగా చాలా నాలుగు రంగుల ట్యాంకు యంత్రాల్లో నలుపు పిగ్మెంట్ సిరా, మిగతావి డై సిరాలు. పిగ్మెంట్ నలుపు సాదా కాగితం మీద అక్షరాన్ని కాటుకలా దిద్దుతుంది గానీ గ్లాసీ పూత మీద సరిగా పట్టదు. అక్కడ యంత్రం మిగిలిన మూడు రంగులనూ కలిపి నలుపు అనిపిస్తుంది. అమ్మాయి జడ గోధుమరంగుకు తిరిగితే షాంపూను తిట్టి లాభం లేదు.

కాబట్టి ఫోటోలకు ల్యాబే శరణ్యం. పూర్వపక్షం: ల్యాబుకు పోవాలంటే ఆబిడ్స్ ట్రాఫిక్కు, పార్కింగు వెతుకులాట, నాలుగు ఫోటోల కోసం ఆటో ఛార్జీ ఎవరిస్తారు? నాలుగు ఫోటోలకు ఎవరూ పోనక్కర్లేదు, నలభై పోగుచేసి పొమ్మనే సిద్ధాంతం. పైగా ఫైళ్ళు ముందే ఫోనులో పంపవచ్చు. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే అది కుదించేస్తుంది, డాక్యుమెంటుగా పంపాలి. మంచి ల్యాబులో వాడేది వెండి లవణాల పూత ఉన్న కాగితం, దాని మీద రంగు రసాయనంతో పుడుతుంది. చవక సీసాల సిరాతో తీసిన ఇంటి ఫోటో కిటికీ ఎండ తగిలే గోడ మీద దానితో పోటీపడలేదు.

మరొక పూర్వపక్షం: లేజర్ ఆల్‌ఇన్‌వన్ ఎండదు కదా? నిజమే, పొడికి ఎండేదేముంది! కానీ లేజర్ రంగు ఫోటోకు పనికిరాదు, ఇంక్‌జెట్ గ్లాసీ కాగితం దానిలో పెడితే లోపలి వేడికి పూత కరిగి రోలరుకు అంటుకుంటుంది. ఇంకొకటి, ఇది బరువైనది: ఇంటి ఆడపిల్లల ఫోటోలు పరాయి కంప్యూటర్లోకి ఎందుకు ఎక్కించాలి? దీనికి నా దగ్గర ఖండన లేదు, ఒప్పుకోవాలి. ఆ జంకు ఉన్నవారు ఆరు రంగుల ఆల్‌ఇన్‌వన్‌కు ఎక్కువ డబ్బు పోయడమో, కెనాన్ సెల్ఫీ వంటి డైసబ్లిమేషన్ బుల్లి యంత్రం పక్కన పెట్టుకోవడమో చేయాలి. దానిలో రంగు రిబ్బను మీద ఉంటుంది, ఏడాది ముట్టుకోకపోయినా ఎండదు, ఒక్కో ఫోటో ఖర్చు ముందే తెలుస్తుంది.

అయితే నాలుగు రంగుల ఆల్‌ఇన్‌వన్ ఇంటికి దండగా అంటే, కానే కాదు. దాని అసలు విద్య మూత కింద ఉంది, అదే స్కానరు. దాని విలువ తెలియాలంటే పాత ఫోటోల సంగతి చూడాలి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో 1905లో కన్నుమూసిన ఫోటోగ్రాఫరు రాజా దీన్ దయాళ్ ఉండేవారు. దీన్ దయాళ్ తీసిన ఫోటోలను ఇవాళ మళ్ళీ అచ్చువేయగలుగుతున్నామంటే ఆయన గాజు పలకలు మిగిలాయి గనుక. అవి ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. మన ఇళ్ళలో గాజు పలకలూ ఉండవు, ఫిల్మూ ఉండదు. తాతగారి ఆల్బం ఒక్కటే ఉంటుంది, ఫోటోలు నల్ల అట్టకు జిగురుతో అంటుకుని. దాన్ని 600 డీపీఐలో స్కాన్ చేసి రెండు చోట్ల దాచుకుంటే ఎప్పుడైనా, ఎక్కడైనా ఫోటో తీయించవచ్చు. పిల్లల దరఖాస్తులు కూడా ఇప్పుడు ఆన్‌లైనే, ఫోటో, సంతకం స్కాన్ చేసి ఎక్కించాలి. అందువల్ల స్కానరు చూసి, సాదా కాగితం మీద అక్షరం చూసి ఈ యంత్రాన్ని కొనడం న్యాయం. కొన్నాక వారానికొక రంగు పేజీ తీయాలి, ఏప్రిల్, మే నెలల్లో మరీనూ.

కొనేముందు ఒక్క పని చేయండి. మనిషి ముఖం, నల్లని జుట్టు, ఆకాశం మూడూ ఉన్న మీ ఫోటో ఒకటి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళి, 4×6 గ్లాసీ కాగితం మీద మీ ఎదుటే తీయమనండి. తీయనన్న షాపులో కొనకండి.