గుర్రము తోక

మా బావమరిదికి మైపాడు దగ్గర ఆరెకరముల రొయ్యల గుంటలు కలవు. గుంటలో వదలవలసిన రొయ్యపిల్ల, వెంట్రుకముక్కవలె కంటికి ఆనీ ఆనని ఆ ప్రాణి, ఎక్కడ తెల్లమచ్చ తెగులును వెంటబెట్టుకొని వచ్చునో యను భయముచేత, హేచరీవారి ప్రమాణములను పూచికపుల్లవలె తీసివేసి, నాలుగు పిల్లలను నీళ్ళసంచిలో పోయించుకొని, ప్రయోగశాలకు స్వయముగా మోసికొనిపోయి, పీసీఆర్ పరీక్ష చేయించి, కాగితము చేతికి వచ్చినగాని రూపాయి విడువని జాగరూకుడతడు. అట్టివాడు పోయిన సంక్రాంతికి పంట ముప్పై కౌంటు తూగి నాలుగు డబ్బులు మిగిలినంతనే, సముద్రపుటొడ్డున పిల్లలను ఎక్కించి తిప్పుటకు ఒక గుర్రప్పిల్లను కొనదలచి, దానిని ఒక ప్రకటనలోని ఛాయాచిత్రమును చూచి నిశ్చయము చేసికొన్నాడు.

“చూడు బావా, ఎట్టుండాదో! పంచకల్యాణి. మార్వాడీ జాతంట. ఏడాదిన్నర వయసు. నువ్వు సరే అంటే అడ్వాన్సు పంపిస్తా” అని ఫోను నా చేతిలో పెట్టినాడు.

గుర్రములను గూర్చి నాకు తెలిసినది సున్న. అయినను, అడిగినవాడు బావమరిది యగుటచేతను, పక్కన మా ఆవిడ నిలిచియుండుటచేతను, తెలియదను మాట నా నోట రాలేదు. కన్నద్దములు తుడుచుకొని, గొంతు సవరించుకొని, చిత్రమును పరీక్షింపసాగితిని. పిల్ల ఒక మెరకమీద నిలిచియున్నది. చిత్రము తీసినవాడు పల్లమున గొంతుకూర్చుండి తీసినాడు కాబోలు, దాని మెడ వెనుకనున్న తాటిచెట్టు తలను దాటిపోయినది. చెవుల కొనలు రెండును వంగి ఒకదానినొకటి ముద్దాడుచున్నవి. ఇది మార్వాడీ జాతికి నిజముగా ఉండవలసిన లక్షణమే. గిట్టలు గడ్డిలో మునిగియున్నవి. నోరు కళ్ళెముతోను, ఎర్రకుచ్చులతోను నిండియున్నందున పండ్లు కనబడవు. నొసట తెలుపు, ముందుకాళ్ళు రెండును తెలుపు, వెనుకకాలు ఒకటి తెలుపు; రెండవ వెనుకకాలు మొదటిదాని చాటున సిగ్గుపడి నిలిచినది. అనగా కల్యాణములు ఐదింటిలో నాలుగు ప్రత్యక్షము, ఐదవది విశ్వాసము. ఇక తోకయందురా, నల్లని జలపాతమువలె జారి నేలను తాకుచున్నది. దానిని చూచి నేను ముగ్ధుడనైతినని ఒప్పుకొనక తప్పదు.

“గుర్రము బాగున్నది” అంటిని.

నేనొక్కడనే తీర్పు చెప్పినచో ఇంత వ్రాయవలసిన పని లేకపోవును. సాయంకాలమునకు చిత్రము టీబంకు చేరినది. సొంతముగా ఏనాడును మేకనైనను కొనని ఒకాయన, మెడమీద సుడి లేదు కావున ఇంటికి అరిష్టమన్నాడు. చిత్రములో మెడకు రెండవవైపు కనబడదు గదా యనినచో, “కనబడకపోతే లేనట్టే” అని తేల్చివేసినాడు. రిటైరైన ఒక తెలుగు మాస్టారు, విరాటుని కొలువులో నకులుడు దామగ్రంథి యను పేర గుర్రములసాలకు అధికారియైన కథను, దానిని తెనిగించిన తిక్కన మన నెల్లూరివాడేయగు సంగతిని జ్ఞాపకము చేసి, ఊరి గాలిలోనే అశ్వశాస్త్రమున్నదన్నట్లు మాటాడినారు. నలుని కథ కూడ వారే ఎత్తుకొన్నారు: బాహుకుడై ఋతుపర్ణుని కొలువులోనున్న నలుడు సన్నని, బక్కచిక్కిన గుర్రములను ఏరి తెచ్చినప్పుడు, ఇవేమి గుర్రములని రాజు కోపించెననియు, సుడులను, ముక్కుపుటములను చూచి ఏరిన ఆ గుర్రములే ఒక్క పగటిలో రథమును విదర్భకు చేర్చెననియు చెప్పినారు. రూపము చూచి మోసపోరాదని కథాసారము. దీనినుండి మాస్టారు గ్రహించినది మాత్రము, చిత్రములోని పిల్ల కొంచెము బక్కగా నున్నది కావున తప్పక కొనవలసినదని!

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గుర్రమును దూరమునుండి చూచి పందెము కాచిన మొట్టమొదటి వారు బావమరదులు కారు, సవతులు, కద్రువ, వినత. ఉచ్చైశ్శ్రవము తెల్లని గుర్రమని వినత యనెను, తోక నల్లనిదని కద్రువ యనెను; తెల్లవారునప్పటికి కద్రువ కొడుకులైన పాములు పోయి ఆ తోకకు వ్రేలాడి దానిని నల్లగా చూపినవి; వినత దాసియైనది. చిత్రమును దిద్దుట నేటి విద్య యనుకొనువారు ఈ పాములను జ్ఞప్తికి తెచ్చుకొందురుగాక.

రాజులేమైన మేలా? పోర్చుగీసు గుర్రపు వర్తకుడు నూనిజ్ వ్రాసిపెట్టిన ముచ్చట యొకటున్నది. 1485లో విజయనగర సింహాసనమెక్కిన సాళువ నరసింహరాయలు, హొర్ముజు, ఏడెన్ రేవులనుండి గుర్రములను తెప్పించుకొనుచు, బ్రదికినవియైనను చచ్చినవియైనను మూడింటికి వేయి పర్దావులు లెక్కగట్టి యిచ్చెడివాడట. ఓడలో చచ్చినదాని తోక కోసి తెచ్చి చూపినచో చాలును, బ్రదికిన గుర్రమునకిచ్చినంతయు ఇచ్చెడివాడట! సముద్రములో సరుకు పోయినను వర్తకుడు మరల రావలెనను రాజనీతి అది. ఆముక్తమాల్యదలో కృష్ణరాయలును, పరదేశపు గుర్రములు దిగు రేవులను, వాని వర్తకులను తనవైపు నిలుపుకొనుట రాజునకు కర్తవ్యమని చెప్పియున్నాడు. అంతకు రెండువందల యేండ్ల క్రిందట మన తీరమున దిగిన మార్కోపోలో, దక్షిణమున పాండ్యరాజులు ఏటేట వేలకొలది గుర్రములను కొనిననూ, సంవత్సరాంతమునకు నూరైనను మిగులవనియు, వైద్యము తెలిసినవారిని వర్తకులే ఈ దేశమునకు రానీయరనియు వ్రాసినాడు. చచ్చినగదా మరల అమ్ముట! ఇక నరసింహరాయలు ఇన్ని తోకలకు సొమ్ము పోసియు, మన ఉదయగిరి దుర్గమును పట్టుకొనలేక, ఆ కోరికతోడనే కన్నుమూసినాడు. కృష్ణరాయలు 1514లో దానిని గెలిచినాడు.

మరునాడు ఒకప్పుడు నెల్లూరు రైల్వేస్టేషను ముందర జట్కా తోలిన ముసలి సాయిబును వెదకి పట్టుకొని చిత్రమును చూపితిమి. ఆయన చెవులు చూడలేదు, కల్యాణములు లెక్కింపలేదు. ఫోనును బారెడు దూరము పట్టుకొని, ఒక్క క్షణము చూచి, తిరిగి ఇచ్చివేసినాడు.

“తోక చూడండి సామీ. ఏడాదిన్నర పిల్లకి తోక వెనక మోకాలు దాటితే గొప్ప. ఇది నేల ఊడస్తా ఉండాది.”

నేను ముగ్ధుడనైన తోక అది.

సాయిబును కారులో కూర్చుండబెట్టుకొని కావలి అవతల ఆ ఊరికి పోయితిమి. పిల్ల యెదుటికి వచ్చినది. చిత్రములో తాటిచెట్టును మించినది నా భుజమునకు వచ్చినది. సాయిబు దాని మూతిని నిమిరి, పెదవి ప్రక్కగా బొటనవ్రేలు దూర్చి, క్రింది దవడను తెరచి చూచినాడు. నడిమి పాలపండ్లు రెండును ఊడి పెద్దపండ్లు వచ్చియున్నవి. వానికి ఇరుప్రక్కలవియు వచ్చియున్నవి.

“నాలుగు పళ్ళేసింది. మూడున్నర దాటింది” అన్నాడు.

“మంచి దాణా పెడతన్నాం గదయ్యా, అందుకని పళ్ళు ముందే వచ్చినయ్” అన్నాడు యజమాని.

చాటున దాగిన నాలుగవ కాలు కాటుకవలె నల్లగా నున్నది. దానినిగూర్చి అడిగితిమి.

“ఎదిగే పిల్ల. పోనుపోను అదీ తెల్లబడుద్ది.”

నేను బావమరిదివైపు తిరిగి, పోదము పదమంటిని. అతడు కదలలేదు. చెప్పుతో నేలను రాయుచు, “అడ్వాన్సు రాత్రే ఏసేసినా బావా, నువ్వు బాగుందంటివే” అన్నాడు. ఆ సొమ్ము తిరిగి రాలేదు. మా ఆవిడ నాతో మూడు దినములు మాటాడలేదు.

మొన్న ఉగాదికి ఆ ప్రకటన మరల కంటబడినది. అదే మెరక, అదే తాటిచెట్టు, అవే ఎర్రకుచ్చులు. ధర అయిదువేలు పెరిగినది. వయస్సు ఏడాదిన్నర.