పుప్పొడి పట్టే యంత్రం కథ

మేడ కప్పు మీద నిలబడి గాలిని పీల్చే ఈ యంత్రానికి మూలపురుషుడు, బంగాళాదుంప తెగులు వంటి వ్యాధుల సిద్ధబీజాలు గాలిలో ఎలా పయనిస్తాయో తెలుసుకోవడానికి ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో జె.ఎం. హర్స్ట్ రూపొందించి 1952లో ప్రకటించిన ఉపకరణం. తోకరెక్క సాయంతో ఇది ఎప్పుడూ గాలికి ఎదురుగా తిరుగుతుంది. 14 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న సన్నని చీలిక గుండా నిమిషానికి 10 లీటర్ల గాలిని లోపలికి లాగుతుంది. గంటకు 2 మిల్లీమీటర్ల చొప్పున కదిలే జిగురు పట్టీ మీద పుప్పొడి రేణువులను అంటించుకుంటుంది. ఒక రోజుకు సరిపడే 48 మిల్లీమీటర్ల ముక్కను కోసి, రేణువులకు గులాబీ రంగు ఎక్కించి, సూక్ష్మదర్శిని కింద మనిషి ఒక్కొక్కటిగా లెక్కపెట్టేదాకా దాని శ్రమకు ఫలితం కనిపించదు.

కాలుష్యాన్ని కొలిచే యంత్రాల పద్ధతి వేరు. పీఎం10 అంటే గాలిలో తేలే తీరును బట్టి 10 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నూరో వంతు, లేదా అంతకంటే తక్కువ వ్యాసం గల కణాలు. వాటి బరువును ఘనమీటరు గాలికి ఇన్ని మైక్రోగ్రాములని చెబుతారు. గడ్డి పుప్పొడి సాధారణంగా 20 మైక్రాన్లకు మించి ఉంటుంది కనుక అందులో చాలా భాగం ఆ యంత్రాల ముఖద్వారం దగ్గరే ఆగిపోతుంది. ఒకవేళ లోపలికి వెళ్ళినా తూకంలో అది తేలికే: 30 మైక్రాన్ల రేణువుకు నీటి సాంద్రత ఉందనుకుంటే బరువు సుమారు 14 నానోగ్రాములు, అంటే 100 రేణువులు కలిసినా ఒకటిన్నర మైక్రోగ్రాములకు మించవు. మెల్‌బోర్న్‌లో ఘనమీటరుకు 100 గడ్డి రేణువులుంటే అత్యంత ప్రమాదకర స్థాయిగా ప్రకటిస్తారు. ఆస్ట్రేలియాలో పీఎం10కు రోజువారీ పరిమితి 50 మైక్రోగ్రాములు. ఉబ్బస రోగికి ప్రాణాంతకం కాగల గాలి తూకంలో నిర్మలంగా కనిపించడం చిన్న విషయం కాదు.

తేమ తగిలినప్పుడు కథ మారుతుంది. రై గడ్డి రేణువు నీటిని పీల్చుకుని పగిలి, అలర్జీ కలిగించే ప్రోటీనును మోసే వందలాది పిండిరేణువులను వెదజల్లుతుంది. 3 మైక్రాన్ల లోపు ఉండే అవి ఊపిరితిత్తుల లోతుకు చేరగలవు. 2016 నవంబరు 21న మెల్‌బోర్న్‌ను తాకిన పిడుగుల వాన వేలమందిని ఆసుపత్రులకు పంపి, పదిమంది ప్రాణాలు తీయడం వెనుక ఇదే ప్రక్రియ ఉందని శాస్త్రజ్ఞులు భావిస్తారు. అంత సన్నని ముక్కలను పుప్పొడి యంత్రపు చీలిక సరిగా పట్టలేదు, 2.5 మైక్రాన్ల లోపు కణాలను తూచే పీఎం2.5 యంత్రం వాటిని పట్టినా, పొగమసితో కలిపి తూచుతుందే గాని పుప్పొడి అని గుర్తించలేదు. ఒకటి పేరు చెప్పి లెక్కిస్తే, మరొకటి పేరు తెలియకుండా తూచుతున్నప్పుడు, ఆ రెంటినీ ఒకే కప్పు మీద నిలిపి, వాటి నమోదులను గంటగంటకూ పక్కపక్కన చదవడం ఊపిరాడని వారి పట్ల నగరాలు తక్షణం నెరవేర్చవలసిన బాధ్యత.