తీర్మానాలతో కప్పిన ఇల్లు

మన పాస్టరేటు కమిటీలకు చేతకాని పని లేదు. కొత్త సౌండు సిస్టం, రాత్రంతా వెలిగే శిలువ, రోడ్డు మీదికి ఆర్చి, ఆర్చికి రెండు వైపులా నల్లరాతి మీద దాతల పేర్లు, అన్నీ చకచకా అయిపోతాయి. పాస్టరు అయ్యగారి ఇంటి కప్పు మాట ఎత్తితే మాత్రం అందరికీ ఒక్కసారిగా భక్తి ముంచుకొస్తుంది. "ప్రార్థనలో పెడదామండీ" అంటారు. ఆర్చిని ఎవరూ ప్రార్థనలో పెట్టలేదు. దానికి చందా పుస్తకం వేశారు.

పాపం, దాతలను మాత్రం ఏమనగలం? పెంకు కింద రీపరు మీద పేరు చెక్కిస్తే బల్లి తప్ప చదివేవారు లేరు.

అయ్యగార్ల ఇళ్ళలో చాలావాటికి ఇంకా బెంగుళూరు పెంకులే. పేరుకు బెంగుళూరు గానీ పుట్టిల్లు మంగళూరు. 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు అక్కడ ఫ్యాక్టరీ పెట్టి కాల్చిన రకమే ఇది. అంటే ఆనాటి మిషనరీలు సువార్తతో పాటు కప్పు సంగతి కూడా ఆలోచించారన్నమాట. ఆ పెంకుతో చిక్కేమీ లేదు. కోతి కదిపిన పెంకును ఆ వారమే సరిచేస్తే మేస్త్రీకి ఒక పూట పని. వదిలేస్తే నీరు రీపరులోకి, అక్కణ్ణుంచి వాసంలోకి దిగుతుంది, వెనకే చెదలు వస్తాయి. మూడో ఏడు వడ్రంగి వచ్చి, ఉలి తియ్యకుండా బొటనవేలితోనే వాసాన్ని గుచ్చి చూపిస్తాడు. కమిటీ వారు తలలెత్తి చూసి, ఎస్టిమేటు వినగానే తలలు దించుకుంటారు.

దీనికో క్యాలెండరు ఉంది. జూన్‌లో కప్పు కారుతుంది, జూలైలో సబ్‌కమిటీ పుడుతుంది. ఆగస్టులో మూడు కొటేషన్లు వస్తాయి, వానల్లో పైకెక్కకూడదని మేస్త్రీలు ముగ్గురూ చెబుతారు. పంటల పండుగ వేలంలో గుమ్మడికాయ కోడిపుంజు ధర పలుకుతుంది, ఆ సొమ్ము క్రిస్మస్ దీపాలకు పోతుంది. శ్రమకాలంలో సుఖాల మాట ఎత్తకూడదు. ఏప్రిల్‌లో ఆకాశం పొడి, మేస్త్రీ ఖాళీ. అప్పుడు కోశాధికారి గారు పైకి చూసి, "ఇప్పుడు కారట్లేదుగా!" అంటారు. మేలో అయ్యగారికి ట్రాన్స్‌ఫర్. జూన్‌లో కొత్త అయ్యగారు దిగి, మంచం ఎక్కడ వేసినా తడుస్తోందంటే, "ముందున్న అయ్యగారు ఒక్క మాటా అనలేదండీ" అని కమిటీ వారు ఆశ్చర్యపోతారు.

ఇక చట్టం. "ఆస్తి ట్రస్ట్ అసోసియేషన్ పేరున ఉంది, మనం చెయ్యి వెయ్యకూడదు." నిజమే, దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఆస్తులు చాలావరకు అలాగే ఉంటాయి. అదే కాంపౌండులో షాపులు కట్టి అద్దెకిచ్చేటప్పుడు ఈ ధర్మసందేహం ఎవరికీ రాలేదు. డయాసిస్‌ను అడిగితే "స్థానిక సంఘం చూసుకోవాలి" అంటుంది, సంఘాన్ని అడిగితే డయాసిస్ వైపు చూపిస్తుంది. ఈ రెండింటి మధ్య ఉన్నది టార్పాలిన్ ఒక్కటే.

ఇంగ్లండులో ఒకప్పుడు ఇంకో పద్ధతి ఉండేది. ఇల్లు పాడైతే వెళ్ళే పాదిరిగారే వచ్చే ఆయనకు మరమ్మతు ఖర్చు కట్టాలి. చనిపోతే ఆయన మిగిల్చిన ఆస్తిలోంచి రాబట్టేవారు. ఈ సంగతి మన కోశాధికారుల చెవిన పడకుండా చూడండి. ఆచారం పునరుద్ధరించగలరు.

చివరి అస్త్రం వాక్యం. మందిరం పాడుబడి ఉండగా మీకు మంచి ఇళ్ళు కావాలా అని హగ్గయి మందలించాడని ఒక పెద్దాయన అయ్యగారికి గుర్తుచేస్తారు. ప్రవక్త మందలించింది హాయిగా ఇళ్ళు కట్టుకుని కూర్చున్న జనాన్ని. పెద్దాయనది రెండంతస్తుల స్లాబు.

చెయ్యాల్సింది పెద్ద పనేమీ కాదు. నెలనెలా కానుకల్లో కొంత, ముట్టుకోరాని ఖాతాలో కప్పు పేరున వెయ్యాలి. ఏటా ఏప్రిల్‌లో, కారినా కారకపోయినా, మేస్త్రీని పైకెక్కించాలి. విడి పెంకులు కొన్ని పెరట్లో పేర్చి ఉంచాలి.

ఇది మరీ లౌకికంగా ఉందనుకుంటే ఇంకో దారి. జూలై కమిటీ మీటింగు వెస్ట్రీలో కాకుండా అయ్యగారి పడకగదిలో, రాత్రి తొమ్మిదికి పెట్టండి. అమ్మగారు బకెట్లన్నీ తీసేసి ఆ చోట్లలోనే కుర్చీలు వేస్తారు. తీర్మానం ప్రారంభ ప్రార్థన ముగిసేలోపే పాసవుతుంది.